లారీ దిగినవాడి అచ్చులు

పోయిన నెల మా మనవరాలు నన్ను సింగపూరు పాయా లేబర్‌లో ఒక మాల్‌కి తీసుకువెళ్ళింది. జపాను పద్ధతిలో చెక్క మీద బొమ్మ చెక్కి, చేత్తో కాగితం మీద అచ్చు తీయడం ఒక పూటలో నేర్పుతారట. పన్నెండేళ్ళ పిల్లకి తోడుగా పెద్దవాళ్ళు ఒకరుండాలన్నారు. దాని అమ్మకీ నాన్నకీ ఆఫీసు. నాకు ఏ పనీ లేదు.

నేర్పే అమ్మాయి చెక్క మీద నీలం రంగు పూసింది. పక్కనున్న గిన్నెలోంచి తెల్లటి జిగురు చుక్క తీసి ఆ రంగులో కలిపింది. తడి కాగితం దాని మీద ఆన్చి, వెదురు పట్ట చుట్టిన గుండ్రటి బిళ్ళతో రుద్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని అరవై ఏళ్ళు కావస్తోంది.

"ఆ గిన్నెలో ఏమిటమ్మా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఓన్లీ రైస్ ఫ్లోర్ అండ్ వాటర్, అంకుల్. నథింగ్ ఎల్స్."

నా వేలు నా మాట వినలేదు. గిన్నెలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది.

"ఐయో, అంకుల్! కెనాట్ ఈట్ లా!" అంది ఆ అమ్మాయి సింగపూరు ఇంగ్లీషులో, నవ్వుతూ.

మనవరాలు నా చొక్కా పట్టుకుని లాగింది. "తాతా, ప్లీజ్ లా. ఎవ్రీబడీ లుకింగ్."

బాత్రూముకని చెప్పి బయటికొచ్చి, మెట్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఈ సంగతి నా భార్యకి తెలియదు, నా పిల్లలకి తెలియదు. తెలియాల్సిన వాళ్ళు ఎప్పుడో పోయారు.

చిన్నప్పుడు మేముండేది సింగపూరు ఉత్తరాన క్రాంజీలో. ఇప్పుడు అక్కడ పనివాళ్ళ డార్మిటరీలు, వాళ్ళని దింపే బస్సులు కనిపిస్తాయి. అప్పుడు రబ్బరు చెట్లు, పందుల పెంపకాలు, ఏటి పక్క మడ చెట్ల బురద. పది గదుల కూలీ లైను మాది, రేకు కప్పు. పొద్దున్నే ఒక గదిలోంచి ఎండుచేపల పులుసు వాసన, పక్క మలయా ఇళ్ళలోంచి రొయ్యల ముద్ద కాల్చిన వాసన, గాలి తిరిగితే పందుల కంపు. నాన్న దగ్గర ఎప్పుడూ పచ్చి గడ్డి వాసన వచ్చేది. యుద్ధంలో చచ్చిపోయిన సిపాయిల సమాధుల దగ్గర గడ్డి కోసే పని ఆయనది.

ఒకసారి నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు. గోడల నిండా పేర్లు. నాన్నకి చదువు రాదు.

"మనోళ్ళ పేరేదైనా ఉందేటో సూడు," అన్నాడు.

సాయంత్రం దాకా చదివాను. "లేదు నాన్నా."

"ఉండదు. తుపాకీ పట్టుకున్నోళ్ళకే రాళ్ళు," అని మళ్ళీ కొడవలి తీసుకున్నాడు.

ఆయన వెతికింది వాళ్ళన్న పేరు. మా పెదనాన్న. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు మలయాని ఏలిన కాలంలో మా వాళ్ళు జొహోరులో ఒక రబ్బరు తోటలో ఉండేవారు. ఒక పొద్దున లారీ వచ్చింది. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలు పట్టాలు వెయ్యడానికి మగవాళ్ళని పదిమందిని ఎక్కించుకుంది. పదిమందిలో తొమ్మిదిమంది తిరిగి రాలేదు. ఏ తేదీన పోయారో, దేనివల్ల పోయారో తెలియదు. వాళ్ళకి ఫొటోలు లేవు. ఇరవై రెండేళ్ళ కొడుకు ముఖం నాయనమ్మకి మెల్లగా చెరిగిపోతూ వచ్చింది. అదొక్కటే ఆవిడ బాధ. "కళ్ళు మూసుకుంటే చెయ్యి కనపడతాది, నడక కనపడతాది. మొకం రాదు," అనేది.

పదోవాడు లారీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. అతనే అచ్చుల తాత.

ఆయన బందరు వైపు మనిషి. చీరల మీద అద్దకం వేసే చెక్క అచ్చులు చెక్కే ఇంట్లో పుట్టాడు. ఆ రోజు ఆయన మొలకి, చెక్కతో చెక్కిన సున్నపు డబ్బా ఒకటి వేలాడుతోందట. జపాను అధికారి అది చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఎవరు చెక్కారని అడిగి, ఆయన్నొక్కణ్ణి కిందికి దింపాడు. సింగపూరులో ఒక ముసలి జపాను అచ్చుపనివాడి దగ్గర సాయంగా పెట్టారు. తొమ్మిదిమంది సయాంలో పట్టాలు మోస్తుంటే ఈయన పూల బొమ్మలు అచ్చు తీశాడు. యుద్ధం అయిపోయాక మా వాళ్ళ వెనకే క్రాంజీకి వచ్చాడు గానీ, లైనులో ఎవరూ గది ఇవ్వలేదు. ఒక చైనా రైతు పాత కోళ్ళ పాకలో ఉంటూ, వాళ్ళ పండగ మిఠాయిలకి చెక్క అచ్చులు చెక్కి బతికేవాడు. మా వాళ్ళు ఆయన్ని పేరుతో పిలిచేవారు కాదు. 'లారీ దిగినోడు' అనేవారు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆయన మా గుమ్మం బయట నిలబడి నాయనమ్మతో ఒక మాట చెప్పాడు. "అమ్మా, తొమ్మిదిమంది ముఖాలూ చెక్కుతున్నాను. పెద్దల అమావాస్యకి కాగితాల మీద తీసి, ఇంటింటికీ ఇస్తాను. చెక్కలు కూడా మీకే ఇచ్చేస్తాను."

నాన్న లోపల్నుంచి అరిచాడు. "ఎల్లమను. ఆడి సేత్తో మావోడి మొకమేటి?"

నాయనమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. అప్పటికే ఆవిడ కళ్ళలో పొర కమ్మింది. మనిషిని అరచేతి దూరంలో ఉంచుకుంటే తప్ప పోల్చుకోలేదు. "నేనూ తిట్టినాను ఈణ్ణి. ఆడు దిగినందుకు తిట్టినాను. కానీ నా కొడుకుని ఆఖర్న సూసినోడు ఈడే కదరా," అంది. తర్వాత ఆయనతో, "బేగి సెయ్యి బాబూ. నా కళ్ళు ఆగేలా నేవు. ఇంతకీ నా కొడుకు ఎలాగుండేవోడు, సెప్పు," అంది.

"నోటితో చెప్పలేనమ్మా. చూపిస్తాను," అన్నాడాయన.

ఆవిడే నన్ను ఆయన దగ్గరికి పంపింది. నాకు బడి మధ్యాహ్నం పూట. పొద్దున్నే వెళ్ళి కాగితాలు తడపడం, రంగు నూరడం, కుంచెలు కడగడం. పాకలో ఇంకా కోళ్ళ వాసన పోలేదు. దాంతో కలిసి చెక్క పొట్టు వాసన, చుట్ట వాసన. ఒక్కో ముఖానికి మూడు చెక్కలు. ఒకదాని మీద గీతలు, ఒకదాని మీద ఒంటి రంగు, ఒకదాని మీద చొక్కా రంగు. మూడింటికీ మూల ఒకే చోట చిన్న గంటు ఉండేది. కాగితం అంచు ఆ గంటులో ఆన్చి పెడితే ముక్కు మీద ముక్కే పడుతుంది, చెవి మీద చెవే పడుతుంది.

మొదటి రోజే జిగురు గురించి చెప్పాడు. బియ్యం నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళలో ఉడికించాలి. ఆయన దగ్గర రోలు లేదు, మా ఇంట్లో ఉంది. రోజూ పొద్దున నేను కాచి పాలడబ్బాలో పోసి తేవాలి.

"మీ అమ్మ వార్చిన గంజి మాత్రం తేవద్దు నాయనా. మనవాళ్ళ గంజిలో ఉప్పుంటుంది. ఉప్పు గాలిలోని తడిని పిలుస్తుంది. కాగితంలోకి దిగిందంటే అది ఎప్పటికీ ఆరదు. నేనూ మొదట్లో ఆ తప్పే చేశాను. మా జపాను ముసలాయన కాగితం అంచు నాలుకతో తాకి చూసి, నా మొహాన ఉమ్మేశాడు."

అమ్మ అన్నం ఉడికేటప్పుడే ఎసట్లో ఉప్పు వేసేది. వార్చిన గంజి కుండలో పోసి, ఇంకాస్త ఉప్పు వేసి ఉంచేది. మర్నాడు చద్దన్నంలోకి అదే. మా లైనులో ఉప్పులేని గంజి ఎవరి ఇంట్లోనూ దొరకదు.

మొదట్లో ఆయన రోజూ నా డబ్బాలో వేలు ముంచి రుచి చూసేవాడు. పదిహేను రోజులయ్యాక ఒక పొద్దున డబ్బా అందుకుని పక్కన పెట్టేశాడు. "ఇంక నేను నాలుక పెట్టక్కర్లేదు. నీ చెయ్యి కుదిరింది," అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట అందరికీ చెప్పుకున్నాను. నాన్న కూడా మొహం తిప్పుకుని నవ్వాడు.

పెదనాన్న చెక్క పూర్తయిన రోజు సంచి కాగితం ముక్క మీద నల్లరంగుతో ఒక అచ్చు తీసి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని, "ఇలాగే వెనక్కి తిరిగి చూశాడు," అన్నాడు. "నన్ను దించుతుంటే, ఎందుకో తెలియక నవ్వాడు. 'ఏటి మామా, నీకప్పుడే సెలవిచ్చేసినారా?' అన్నాడు. లారీ కదిలిపోయింది." తర్వాత ఆ ముక్కని పొయ్యిలో వేశాడు. "అమావాస్య దాకా ఎవరికీ చెప్పకు. అమ్మ ముందుగా చూడాలి."

మంచి కాగితం ఆయన దగ్గర కొంచెమే ఉంది. జపాను ముసలాయన వెళ్ళిపోతూ ఇచ్చిన కట్ట. ఇరవయ్యేళ్ళకి పైగా రేకు పెట్టెలో వేపాకు వేసి దాచాడు. తొమ్మిది ముఖాలకి సరిగ్గా సరిపోతుంది. అచ్చులన్నీ తీయడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు.

ఆ నాలుగు రోజుల్లోనే నాకు సాలీళ్ళ పిచ్చి పట్టింది.

అప్పట్లో మగపిల్లలందరం ఆకుల మధ్య నల్ల సాలీళ్ళని పట్టి, అగ్గిపెట్టెల్లో పెట్టి, ఒకదానితో ఒకటి పోట్లాడించేవాళ్ళం. అవి పొద్దున్నే మంచు ఆరకముందే దొరుకుతాయి. కిరాణా కొట్టు యజమానిని తౌకే అనేవాళ్ళం. ఆయన కొడుకు దగ్గర ఓటమి ఎరగని సాలీడు ఒకటి ఉంది. దాన్ని ఓడించాలి. బియ్యం రుబ్బి వడకట్టి కాచే వేళకి ఎండ వచ్చేస్తుంది. మొదటి రోజు పొద్దున కుండ మూత తీశాను. రాత్రంతా పేరుకున్న గంజి అడుగున చిక్కగా, తెల్లగా ఉంది. పైనున్న నీళ్ళు పారబోసి, అడుగుది పాలడబ్బాలోకి వంచాను. చూడ్డానికి తేడా ఏమీ లేదు.

ఉప్పు సంగతి నాకు గుర్తు లేదని చెప్పలేను. గుర్తుంది. ఇంత ఉప్పు ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆయన నాలుక పెట్టడని నాకు తెలుసు.

నాలుగు రోజులూ పొద్దున అదే చేశాను. మూడో రోజు అమ్మ, "కుండలో గంజి ఏటైపోతంది? మనింట్లో పిల్లిగాని గంజి తాగుతోందా?" అంది. మ్యావ్ అన్నాను. నాయనమ్మ కూడా నవ్వింది. నాలుగో రోజు నా సాలీడు తౌకే కొడుకు సాలీడుని ఓడించింది.

అచ్చుల తాత కాగితాలు పలకల మధ్య పెట్టి, పైన రాయి బరువు పెట్టాడు. ఆ వారమంతా వాన. రేకుల మీద ఆగకుండా పడింది.

అమావాస్య రోజు లైను ముందు ఖాళీ స్థలంలో అందరూ చేరారు. తొమ్మిది విస్తళ్ళు వేశారు. పొద్దున్నించి గారెల వాసన. అచ్చుల తాత తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పలకల కట్ట నెత్తి మీద పెట్టుకుని, చెక్కల గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. లైనులోకి ఆయన్ని రానిచ్చింది అదే మొదటిసారి. నాయనమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. తలకి నూనె రాసుకుంది. పెళ్ళికి కట్టుకునే చీర కట్టుకుంది.

ఆయన తాడు విప్పి, పై పలక తీశాడు. కాగితాలు విడిగా రాలేదు. గోటితో మెల్లగా ఎత్తితే ఒకదానికొకటి అంటుకుని, చిరుగుతూ లేచాయి. రంగులు కారి, ఒక ముఖం ఇంకొక ముఖం వీపుకి దిగిపోయింది. నల్ల గీతలు ఉబ్బి బురదలా ఉన్నాయి. కళ్ళున్న చోట మరకలు. కాగితం ఇంకా తడిగానే ఉంది, చెమట పట్టిన ఒంటిలాగ.

అచ్చుల తాత మా పెదనాన్న కాగితం ఏదో వెతికి, రెండు చేతులతో తీసుకువెళ్ళి నాయనమ్మకి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. మాటిచ్చాడు కాబట్టి ఇచ్చాడేమో. ఆవిడ దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, అటూ ఇటూ కదిపింది.

"ఏదిరా? మొకం ఏది? నా కళ్ళకి కనపడట్నేదా, నేకపోతే ఇందులో నేదా?"

"నేదమ్మా," అన్నాడు నాన్న. "ఇందులో నేదు."

లైనులో అందరికంటే పెద్దాయన లేచాడు. ఆయన తమ్ముడు కూడా ఆ లారీలోనే పోయాడు. "ఆళ్ళకి ఇష్టం నేదు," అన్నాడు. "లారీ దిగినోడి సేతి మీదుగా ఆళ్ళు రారు. పెద్దలు వొద్దన్నారు. ఇంతకంటే గుర్తేటి కావాలి?"

అచ్చుల తాత ఒక కాగితం అంచు చింపి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఒక్క క్షణం. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నా జేబులో సాలీడున్న అగ్గిపెట్టె ఉంది. నా చెయ్యి దాని మీద ఉంది. నేను తల దించుకున్నాను.

ఆయన చెబుతాడని ఎదురుచూశాను. చెబితే నాన్న నన్ను చంపేస్తాడు. చెబితే అయిపోతుంది కూడా.

"నిజమే," అన్నాడాయన. "నా చెయ్యి మంచిది కాదు."

పెద్దాయన గోనెసంచి వైపు చూశాడు. "ఆళ్ళ ఒంటికి అగ్గి పడనేదు ఇన్నాళ్ళూ. ఈ సెక్కలకన్నా పెట్టి పంపించీండి," అన్నాడు. అది అందరికీ సరైనదే అనిపించింది. ఇటుకలు పేర్చారు, కట్టెలు వేశారు. ఏ ఇంటి వాళ్ళు ఆ ఇంటి చెక్కలు తీసుకున్నారు. పెదనాన్నకి పెళ్ళి కాలేదు. నాన్న మూడు చెక్కలూ నా చేతిలో పెట్టాడు. "పెద్దయ్యకి కొడుకుల్లేరు. నువ్వే పెట్టు."

పై చెక్క గీతలది. బొటనవేలికి కనుబొమ గీత తగిలింది, చెవి అంచు తగిలింది. చేతిలో ఉన్నంతసేపూ నోరు విప్పడానికి నాకు సమయం ఉంది. కొడుకు పెట్టాల్సిన నిప్పు నేను పెట్టాను. చెక్క బోర్లా పడింది. పొడి చెక్క, వెంటనే అంటుకుంది. అచ్చుల తాత అన్నీ కాలేదాకా నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని భోజనానికి ఉండమనలేదు.

అమావాస్య అయిన మూడో రోజు మధ్యాహ్నం నేను బడికి బయల్దేరుతుంటే నాయనమ్మ దగ్గరికి పిలిచింది. నా ముఖం అరచేతుల మధ్య పట్టుకుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది.

"నువ్వు రోజూ ఆడి పాకకి ఎల్లేవోడివి కదా. సెక్క మీదైనా, కాయితం మీదైనా మీ పెద్దయ్యని సూసినావా? ఎలాగున్నాడ్రా?"

నేను చూశాను. ఆ అచ్చులో ఆయన ముఖం చూసిన వాళ్ళం ఇద్దరమే, నేనూ అచ్చుల తాతా. చెబితే, పాకలో బాగా వచ్చిన బొమ్మ ఇక్కడ ఎందుకు చెడిందని అడుగుతారు. అడిగితే గంజి దాకా వస్తుంది.

"నేను చూళ్ళేదు నాయనమ్మా," అన్నాను.

ఆవిడ చేతులు తీసేసింది. ఆ ఏడు వానలు పూర్తికాకుండానే పోయింది.

అచ్చుల తాత ఆ తర్వాత ఇక ఏమీ చెక్కలేదు. మిఠాయి అచ్చులు కూడా మానేశాడు. కోళ్ళ ఫారాల్లో పెంట ఎత్తే పని చేశాడని విన్నాను. ఆ దారిన వెళ్ళకుండా బడికి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. మళ్ళీ ఒక్కసారే కలిశాడు. నాకు పద్దెనిమిదేళ్ళు దాటాయి, ఇక్కడి మగపిల్లలందరి లాగే సైన్యం యూనిఫాంలో ఉన్నాను. చోవా చూ కాంగ్ రోడ్డు మీద బస్‌స్టాప్‌లో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. నన్ను పైనుంచి కిందికి చూసి సంతోషపడ్డాడు.

"ఎంత ఎదిగావు నాయనా. ఇంకా సాలీళ్ళు పడుతున్నావా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. బస్సొచ్చింది, ఎక్కేశాను. అది నేను ఎక్కాల్సిన బస్సు కూడా కాదు. కొన్నేళ్ళకి వృద్ధుల ఆశ్రమంలో పోయాడని తెలిసింది. కబురు సమయానికే అందింది. నేను వెళ్ళలేదు.

లైను పోయింది. కోళ్ళ పాక ఉన్న చోట రోడ్డు వచ్చింది. అందరినీ తలొక టౌనుకీ, తలొక ఫ్లాటుకీ పంపారు. కానీ ఆ తొమ్మిది ఇళ్ళ మనవలు ఇక్కడే ఉన్నారు. ఐదారేళ్ళ కిందట ఒక పెళ్ళిలో వాళ్ళలో ఒకాయన నా పక్కన కూర్చుని తన పిల్లలకి ఈ కథే చెప్పాడు. ద్రోహి చేతి బొమ్మల్లోకి రావడానికి మన పెద్దలు ఒప్పుకోలేదని, కాగితం మీద ముఖాలు వాటంతటవే చెరిగిపోయాయని. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. "కదా అంకుల్, మీరు చూశారు కదా?" అని నన్ను అడిగాడు. అవునన్నాను.

కాదు. మన పెద్దలు ఎవర్నీ వద్దనలేదు. ఆయన చెయ్యి మంచిదే. నేను జిగురు కాచలేదు, ఉప్పు గంజి తెచ్చాను, అంతే. ఈ మాట చదివిన వాళ్ళు ఆ పిల్లలకి చెప్పండి.

ఆ రోజు మాల్‌లో మెట్ల దగ్గర్నుంచి లేచి గదిలోకి వెళ్ళేసరికి మనవరాలు తన అచ్చు తీసి పట్టుకుంది. ఒక పిల్లి ముఖం. "నైస్ ఆర్ నాట్, తాతా?" అంది. బాగుందన్నాను. రంగు ఆరిందో లేదో చూడ్డానికి అంచు ముట్టుకున్నాను. ఆరింది.

నాయనమ్మా, పెదనాన్న చెవులు కొంచెం బయటికి ఉన్నాయి. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది, చిన్నప్పటి దెబ్బలాగ. కింది పెదవి ఒక పక్కకి బిగబట్టాడు, నవ్వు ఆపుకుంటున్నట్టు. మనవైపు చూడ్డం లేదు. లారీ మీంచి వెనక్కి తిరిగి, దిగిపోతున్న మనిషిని చూస్తున్నాడు. "ఏటి మామా, నీకప్పుడే సెలవిచ్చేసినారా?" అంటున్నాడు. నేను చూశాను.